సెటప్‌లో డ్రైవ్ కనిపించకపోతే ఎస్‌ఎస్‌డీ పోయినట్టు కాదు: కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, డ్రైవర్లు మళ్లీ వేసుకోవడం

మీరు అడిగింది ఇదీ: 13వ తరం ఇంటెల్ ఐ5, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న కొత్త ల్యాప్‌టాప్. దాంతో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్, గేములు, పాప్-అప్‌లు చూసి విసుగొచ్చి, పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 కొత్తగా వేద్దామని కూర్చున్నారు. ఎక్కడ వేయాలో అడిగే పేజీలో ఒక్క డ్రైవ్ కూడా కనిపించలేదు. టచ్‌ప్యాడ్ కదల్లేదు. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు మెషీన్‌ని లేపే ప్రోగ్రామ్‌లో, మాత్రం ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోంది. రిపేరు షాపులో అడిగితే ఎస్‌ఎస్‌డీ పోయిందన్నారు.

ఎస్‌ఎస్‌డీకి ఏమీ కాలేదు. బయోస్‌లో పేరు కనబడుతోందంటే అది బతికే ఉంది. సెటప్‌కి కనిపించలేదు కాబట్టి దాని మీద మీరేమీ చెరపలేదు కూడా, కంపెనీ వేసిన విండోస్ అలాగే ఉంది. పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేయండి, మామూలుగానే ఆన్ అవుతుంది. ఒకందుకు ఇది మంచిదే అయింది. సెటప్ అడ్డం తిరగకుండా పోయి ఉంటే, చెరిపేశాక వైఫై డ్రైవర్ కోసం, ఆఫీస్ లైసెన్సు కోసం వెతుక్కునేవారు. ఇప్పుడు వెనక్కి వెళ్లి కావలసినవన్నీ తీసుకుని రావచ్చు.

ముందు కారణం చెప్తాను. 11వ తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లను వీఎండీ, అంటే వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్, ఆన్‌లో పెట్టి అమ్ముతున్నారు. అది ఆన్‌లో ఉంటే ఎస్‌ఎస్‌డీ విండోస్‌కి నేరుగా కనబడదు. ప్రాసెసర్‌లో ఉన్న ఒక కంట్రోలర్ చాటున ఉంటుంది. ఆ కంట్రోలర్‌తో మాట్లాడే డ్రైవర్ ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీది, పొట్టిగా ఆర్‌ఎస్‌టీ. కంపెనీ వేసిన విండోస్‌లో అది ఉంది, మీరు మైక్రోసాఫ్ట్ నుంచి దింపుకున్న సెటప్‌లో లేదు. టచ్‌ప్యాడ్ కథా ఇలాంటిదే. ఇప్పటి టచ్‌ప్యాడ్‌లు ఐ2సీ అనే లైను మీద పనిచేస్తాయి, ఆ లైనుకి ఇంటెల్ సీరియల్ ఐఓ డ్రైవర్ ఉంటేనే కదులుతాయి. సెటప్ వరకూ దాని గురించి తల బద్దలు కొట్టుకోకండి, రెండు మూడు వందల రూపాయల యూఎస్‌బీ మౌస్ చాలు.

ఇప్పుడు పాత విండోస్‌లోకి వెళ్లి చేయవలసినవి.

అన్నిటికంటే విలువైనది డ్రైవర్ల ఎగుమతి. కంపెనీ సైటు నుంచి ఒక్కొక్కటీ దింపుకోవడం కంటే, ఇప్పటికే ఈ మెషీన్‌లో సరిగ్గా పనిచేస్తున్న వాటిని ఎత్తి పక్కన పెట్టుకోవడం మేలు. పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్స్ అని ఇంగ్లీషులో ఒక ఫోల్డర్ ముందే చేసి పెట్టండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ అడ్మిన్ తెరవండి. కమాండ్ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ చదివి వినిపించినట్టు రాస్తున్నాను: పి, ఎన్, పి, యు, టి, ఐ, ఎల్ అని ఏడు అక్షరాలు కలిపి, ఖాళీ, స్లాష్ వేసి ఎక్స్‌పోర్ట్ హైఫన్ డ్రైవర్, ఖాళీ, నక్షత్రం గుర్తు, ఖాళీ, పెన్‌డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, ఫోల్డర్ పేరు. ఎంటర్ కొడితే మైక్రోసాఫ్ట్‌వి కాని డ్రైవర్లన్నీ వేటి ఫోల్డర్‌లో అవి వచ్చి కూర్చుంటాయి. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్న మెషీన్ అయితే కొన్ని జీబీలు అవుతుంది, జాగా చూసుకోండి. ఇందులో ఐఏస్టోర్‌వీడీ అనే పేరుతో మొదలయ్యే ఫోల్డర్ ఒకటి ఉంటుంది. మీ ఎస్‌ఎస్‌డీని చూపించే డ్రైవర్ అదే. అది కనబడిందంటే సగం పని అయిపోయినట్టే.

తర్వాత ఆఫీస్. ల్యాప్‌టాప్‌తో పాటు ఆఫీస్ హోమ్ ఇచ్చి ఉంటే, చెరిపే ముందే వర్డ్ తెరిచి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి యాక్టివేట్ చేయండి. అప్పుడు ఆ లైసెన్సు అకౌంట్‌కి అతుక్కుంటుంది, తర్వాత ఎన్నిసార్లు విండోస్ మార్చినా అకౌంట్ పేజీలోంచి మళ్లీ దింపుకోవచ్చు. దీన్ని మర్చిపోయి బాధపడేవాళ్లే ఎక్కువ. ఏ అకౌంట్‌తో చేశారో కాగితం మీద రాసుకోండి. షాపులో ఎవరో తమ మెయిల్‌తో చేసిపెడితే ఆ ఆఫీస్ వాళ్లదే అవుతుంది.

విండోస్ కీ గురించి మాత్రం కంగారు వద్దు. అది మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లో ఎంఎస్‌డీఎం అనే పట్టికలో రాసి ఉంటుంది. సెటప్ దాన్ని తానే చదువుకుని సరైన ఎడిషన్ ఎంచుకుంటుంది. మన దగ్గర అమ్మే వాటిలో ఎక్కువ భాగం హోమ్ సింగిల్ లాంగ్వేజ్. నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. తక్కువ ధరకి వస్తుందని విండోస్ లేని డాస్ లేదా ఉబుంటు మోడల్ కొన్నవాళ్లకి ఈ సౌకర్యం లేదు, వాళ్లు లైసెన్సు వేరే కొనాలి.

డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్, బిట్‌లాకర్, కూడా చూసుకోవాలి. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే, మీరు అడగకపోయినా చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయిపోతుంది. దాని రికవరీ కీ 48 అంకెలు, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైసుల కింద ఉంటుంది. దాన్ని ప్రింటు తీసుకోండి. బయోస్‌లో ఏదో మార్చగానే నీలం తెర వచ్చి ఈ కీ అడిగితే, అప్పుడు అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తు చేసుకోవడం చాలా కష్టం.

కంపెనీ రికవరీ పెన్‌డ్రైవ్ ఒకటి చేసుకుంటే మరీ మంచిది. హెచ్‌పీకి క్లౌడ్ రికవరీ టూల్, డెల్‌కి ఓఎస్ రికవరీ టూల్ ఉన్నాయి, లెనోవోలో సీరియల్ నంబర్ ఇస్తే రికవరీ దింపుకోనిస్తారు. 32 జీబీ పెన్‌డ్రైవ్ కేటాయించండి. రేపు ల్యాప్‌టాప్ అమ్ముకునేటప్పుడు మొదట వచ్చినట్టు చేసి ఇవ్వడానికి పనికొస్తుంది.

ఇక సెటప్ పెన్‌డ్రైవ్. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌కి 8 జీబీ చాలు. డ్రైవర్లు కూడా అందులోనే పెట్టాలంటే 16 లేదా 32 జీబీ తీసుకోండి. టూల్ మొదట పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేస్తుంది కాబట్టి ముందు సెటప్ తయారు చేసి, ఆ తర్వాతే డ్రైవర్ల ఫోల్డర్ కాపీ చేయాలి. ఈ వరస తారుమారై ఎగుమతి చేసిన డ్రైవర్లు తుడిచిపెట్టుకుపోవడం మామూలే. ఐఎస్ఓ, అంటే సెటప్ మొత్తం ఒకే ఫైల్‌గా, దింపుకుని అందులోవి చేత్తో ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి లాగితే ఇన్‌స్టాల్ డాట్ విమ్ ఫైల్ దగ్గర ఆగిపోతుంది. ఆ ఫైల్ 4 జీబీ దాటుతుంది, ఫ్యాట్32 అంత పెద్ద ఫైల్‌ని పట్టదు. ఐఎస్ఓతోనే చేయాలంటే రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడండి, పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ యూఈఎఫ్ఐ.

బూట్ మెనూ కీ: హెచ్‌పీకి ఎఫ్9, డెల్, లెనోవోలకి ఎఫ్12, ఆసుస్‌కి ఎస్కేప్, ఎంఎస్ఐకి ఎఫ్11. ఏసర్‌కీ ఎఫ్12నే, కానీ బయోస్ మెయిన్ పేజీలో ఎఫ్12 బూట్ మెనూని ముందు ఎనేబుల్ చేయాలి. కీ పట్టలేకపోతే విండోస్‌లోనే షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, యూజ్ ఏ డివైస్ అనే దారి వస్తుంది.

ఇప్పుడు మీరు ఇరుక్కుపోయిన పేజీ. అందులో లోడ్ డ్రైవర్ అని చిన్న లింకు ఉంటుంది. దాన్ని నొక్కి, బ్రౌజ్‌లో పెన్‌డ్రైవ్ తెరిచి, ఐఏస్టోర్‌వీడీ ఫోల్డర్‌ని సెలెక్ట్ చేయండి. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ అని ఒక వరస వస్తుంది. చివర నాలుగు అక్షరాల గుర్తు ఉంటుంది, 11వ తరానికి 9ఏ0బీ, 12వ తరానికి 467ఎఫ్ అన్నట్టు. దాని మీద నొక్కి నెక్స్ట్ అంటే కొన్ని సెకన్లలో డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

ఎగుమతి చేసుకోలేకపోయినవాళ్లు ఇంటెల్ సైటు నుంచి దింపుకోవచ్చు, కానీ ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, సెటప్‌ఆర్‌ఎస్‌టీ డాట్ ఈఎక్స్‌ఈని అలాగే పెన్‌డ్రైవ్‌లో పడేయడం. విండోస్ సెటప్‌కి ఈఎక్స్‌ఈ అక్కర్లేదు, ఐఎన్ఎఫ్, సిస్, క్యాట్ ఫైళ్లు విడివిడిగా కావాలి. ఆ ఈఎక్స్‌ఈని టెర్మినల్‌లో హైఫన్ ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అనే మాట, ఒక ఫోల్డర్ పేరు తగిలించి నడిపితే ఆ ఫైళ్లు బయటికి వస్తాయి. రెండోది, వెర్షన్ తేడా. 20తో మొదలయ్యే ప్యాకేజీలు 12వ తరం నుంచి పైకి, 11వ తరానికి 19 సిరీస్ దింపుకోవాలి. తప్పు వెర్షన్ ఇస్తే సరిపడే డ్రైవర్లు లేవని చెప్పి ఖాళీ పెట్టె చూపిస్తుంది. కొన్ని కంపెనీల సైటులో ఇదే డ్రైవర్ ఎఫ్6 అనే పేరుతో ఉంటుంది. ఎక్స్‌పీ రోజుల్లో సెటప్ మొదలవగానే ఎఫ్6 కొట్టి ఫ్లాపీలోంచి స్టోరేజ్ డ్రైవర్ ఎక్కించేవారు. ఫ్లాపీలు పోయినా పేరు మిగిలింది.

బయోస్‌లో వీఎండీని ఆపేయడం ఇంకో దారి. ఆసుస్‌లో అడ్వాన్స్‌డ్ కింద వీఎండీ సెటప్ మెనూ, డెల్‌లో స్టోరేజ్ దగ్గర రెయిడ్ ఆన్ నుంచి ఏహెచ్‌సీఐ ఎన్‌వీఎంఈకి మార్చడం. ఏసర్‌లో మెయిన్ పేజీ మీద కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే గానీ ఆ వరస బయటపడదు. ఒకే ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో వీఎండీ వల్ల మీకు ఒరిగేది దాదాపు ఏమీ లేదు, కాబట్టి ఆపినా నష్టం లేదు. కానీ ఏది ఎంచుకున్నా ఇన్‌స్టాల్‌కి ముందే తేల్చుకోండి. విండోస్ వేశాక దాన్ని మారిస్తే ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటూ బూట్ దగ్గరే ఆగిపోతుంది. నా మాట అడిగితే, డ్రైవర్ చేతిలో ఉంది కాబట్టి వీఎండీని కదపకుండా డ్రైవర్ ఎక్కించడమే మంచిది. రేపు బయోస్ ఎవరైనా డిఫాల్ట్‌కి రీసెట్ చేసినా విండోస్ లేస్తుంది.

డిస్క్ వచ్చాక దాని మొత్తం 476.9 జీబీ అని చూపిస్తుంది. తక్కువ పెట్టి అమ్మలేదు. తయారీదారు వెయ్యితో లెక్క కడితే విండోస్ 1024తో కడుతుంది, తేడా అక్కడ వస్తుంది. డిస్క్ 0 మీద ఉన్న పార్టిషన్లన్నీ (భాగాలన్నీ) డిలీట్ చేసి మొత్తం అన్‌ఎలకేటెడ్, అంటే కేటాయించని ఖాళీ జాగా చేయండి, దాన్ని సెలెక్ట్ చేసి నెక్స్ట్ నొక్కండి. ఈఎఫ్ఐకి 100 ఎంబీ, రిజర్వ్‌డ్‌కి 16 ఎంబీ, రికవరీకి కొంత, మిగతాది విండోస్‌కి అని సెటప్ తానే పంచుకుంటుంది. ఆ జాబితాలోనే మీ పెన్‌డ్రైవ్ కూడా డిస్క్ 1గా 14 జీబీకో 29 జీబీకో కనబడుతుంది, దాన్ని ముట్టుకోకండి. కంపెనీ రికవరీ పార్టిషన్ డిలీట్ చేస్తే కీబోర్డు కీతో వచ్చే రికవరీ పోతుంది. ఇందాక రికవరీ పెన్‌డ్రైవ్ చేసుకోమన్నది అందుకే.

సి, డి అని రెండుగా విడగొట్టాలా అని తప్పకుండా అడుగుతారు. ఎస్‌ఎస్‌డీలో దానివల్ల వేగం పెరగదు, డిస్క్ పాడైతే రెండూ కలిసే పోతాయి. సి 100 జీబీ ఇచ్చి మిగతాదంతా డికి ఇచ్చే అలవాటు షాపుల్లో ఇంకా పోలేదు. ఏడాది తిరిగేసరికి సి ఎర్రబడి విండోస్ అప్‌డేట్‌కి చోటుండదు. విడగొట్టక తప్పదంటే సికి 200 జీబీకి తగ్గకుండా ఉంచి, విండోస్ లేచాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సిని ష్రింక్ చేయండి, అంటే కుదించండి.

ఫైళ్ల కాపీ అయి మొదటి రీస్టార్ట్ వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వాలా అని అడిగితే ఏ కీ నొక్కకండి. నొక్కితే సెటప్ మళ్లీ మొదటికొస్తుంది, చాలామంది ఇన్‌స్టాల్ పదే పదే తిరుగుతోందని అనుకునేది ఇక్కడే.

తర్వాత దేశం, కీబోర్డు అడిగి నెట్ అడుగుతుంది. వైఫై డ్రైవర్ లేకపోతే ఇక్కడ ముందుకు పోనివ్వదు. మీడియాటెక్, రియల్‌టెక్ కార్డులున్న ల్యాప్‌టాప్‌లలో ఇది తరచూ వస్తుంది. సులువైన మార్గం మీ ఆండ్రాయిడ్ ఫోను: ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది, లాన్ కేబుల్ పెట్టినట్టే నెట్ వస్తుంది. కేబుల్ ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకం కాకూడదు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ సెటప్ అయితే ఆ నెట్‌వర్క్ పేజీలోనే డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసే బటన్ కూడా ఉంటుంది, దాంతో పెన్‌డ్రైవ్‌లోని వైఫై ఫోల్డర్ చూపించవచ్చు. రెండూ కుదరకపోతే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి, కొన్ని కీబోర్డుల్లో ఎఫ్ఎన్ కూడా కలపాలి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. ఇందాకటి ఏడక్షరాల కమాండే, ఈసారి స్లాష్ యాడ్ హైఫన్ డ్రైవర్, ఖాళీ, పెన్‌డ్రైవ్ ఫోల్డర్ దారి, చివర నక్షత్రం డాట్ ఐఎన్ఎఫ్, ఆపైన స్లాష్ సబ్‌డిర్స్, స్లాష్ ఇన్‌స్టాల్. ఫోల్డర్ మొత్తం ఒక్కదెబ్బకి ఎక్కుతుంది, వైఫైతో పాటు టచ్‌ప్యాడూ కదులుతుంది. మధ్యలో తెర రెండు మూడు సార్లు ఆరి వెలుగుతుంది, అది గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కే గుర్తు. పక్కనే కూర్చుని పవర్ బటన్ జోలికి పోకుండా ఆగండి.

డెస్క్‌టాప్ వచ్చాక ముందు విండోస్ అప్‌డేట్ నడపండి, రీస్టార్ట్ చేయండి, మళ్లీ నడపండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ఆప్షనల్ అప్‌డేట్స్‌లో డ్రైవర్లు వేరే ఉంటాయి, అవీ చూడండి. అప్‌డేట్ వెనకాల గ్రాఫిక్స్ డ్రైవర్ దింపుతుండగా మీరు ముందు అదే డ్రైవర్ ఈఎక్స్‌ఈ నడిపితే రెండూ కొట్టుకుని సగంలో ఆగుతాయి. ఒకటి పూర్తయ్యాక ఒకటి.

ఇప్పుడు డివైస్ మేనేజర్ తెరిచి పసుపు త్రిభుజాలు చూడండి. ఎగుమతి చేసినవి ఎక్కించి ఉంటే సాధారణంగా ఏవీ ఉండవు. ఉంటే డ్రైవర్ అప్‌డేట్ చేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి, మీరు తీసేయాలనుకున్న చెత్త వాటితోనే మళ్లీ వస్తుంది. త్రిభుజం ఉన్నదాని మీద డబుల్ క్లిక్ చేసి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వెన్ (ఇంగ్లీషులో వి, ఇ, ఎన్) తర్వాత వచ్చే నాలుగు అక్షరాలు తయారీదారు ఎవరో చెప్తాయి: 8086 ఇంటెల్, 10ఈసీ రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్, 10డీఈ ఎన్‌విడియా, 1022 ఏఎండీ. పీసీఐ బదులు ఏసీపీఐ అని మొదలైతే అది చాలావరకు ల్యాప్‌టాప్ కంపెనీ సొంత వస్తువు. లెనోవోలో వీపీసీ2004 అని కనిపిస్తే అది వాళ్ల పవర్ మేనేజ్‌మెంట్, అది లేకపోతే బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్, కొన్ని ఎఫ్ఎన్ కీలు పనిచేయవు. ఇలాంటివి ఇంటెల్ సైటులోనూ మైక్రోసాఫ్ట్ దగ్గరా వెతకడం దండగ, మీ మోడల్ సపోర్టు పేజీలోనే దొరుకుతాయి.

చేత్తో ఒక్కొక్కటీ వేయాల్సి వస్తే చిప్‌సెట్, సీరియల్ ఐఓ, మేనేజ్‌మెంట్ ఇంజిన్, డైనమిక్ ట్యూనింగ్ ముందు. తర్వాత ఇంటెల్ గ్రాఫిక్స్, ఆ తర్వాతే ఎన్‌విడియా. తర్వాత ఆడియో, వైఫై, బ్లూటూత్. వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉన్నా డ్రైవర్లు రెండు. ఆడియోకి మాత్రం వరస తప్పకూడదు. ఇంటెల్ స్మార్ట్ సౌండ్ ఎక్కాకే రియల్‌టెక్ వేయాలి. స్పీకర్ మోగుతూ లోపలి మైక్ కనిపించకపోతే లోపం స్మార్ట్ సౌండ్‌దే. ఆడియో డ్రైవర్ కంపెనీ ఇచ్చినదే వాడండి. ఎక్కడినుంచో తెచ్చిన మామూలు రియల్‌టెక్ డ్రైవర్‌తో శబ్దం వస్తుంది గానీ రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, ఆ మోడల్ స్పీకర్ల ట్యూనింగ్ అందులో ఉండదు. తెర వెలుగు తగ్గకపోయినా, 144 హెర్ట్జ్ తెర 60 మీదే ఆగినా డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చూడండి, మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కలేదు.

చిప్‌సెట్ డ్రైవర్ తేదీ 18 జులై 1968 అని కనబడితే వైరస్ అనుకోకండి. అది ఇంటెల్ పుట్టిన రోజు. ఈ చిప్‌సెట్ డ్రైవర్లు చాలావరకు పరికరాలకి పేరు పెట్టడానికే. అసలు డ్రైవర్ ఉన్నచోట ఇవి దాన్ని తోసేయకూడదని కావాలనే పాత తేదీ వేస్తారు. విండోస్ సొంత డ్రైవర్లకి 21 జూన్ 2006 ఉండటం కూడా ఇలాంటిదే. కాబట్టి తేదీ చూసి పాతదని మార్చడానికి పరుగెత్తకండి, వెర్షన్ నంబర్ చూడండి.

తెలుగులో పనిచేసేవాళ్లకి రెండు ముక్కలు. కొత్త విండోస్‌లో నిర్మలా యూఐ తప్ప గౌతమి, వాణి ఫాంట్లు ఉండకపోవచ్చు, పాత డాక్యుమెంట్లు వేరే ఆకారంలో తెరుచుకుంటాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ కలుపుకోవాలి. అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు ఆ ఫాంట్లు, వాటి ఇన్‌స్టాలర్ చెరిపే ముందే పక్కన పెట్టుకోండి, అవి యూనికోడ్ కావు, అవి లేకపోతే ఫైల్ తెరిస్తే అక్షరాలకి బదులు ఏవేవో గుర్తులు వస్తాయి. డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్ వాడే ఆడిటర్లకి సర్టిఫికెట్ టోకెన్‌లోనే ఉంటుంది, పోదు, దాని డ్రైవర్ మాత్రం మళ్లీ వేయాలి. మీసేవలో వాడే వేలిముద్ర పరికరాలకి డ్రైవర్‌తో పాటు ఆధార్ ధ్రువీకరణకి కావలసిన ఆర్‌డీ సర్వీస్ కూడా మళ్లీ వేయాల్సిందే. ఇలాంటి వాటి పాత డ్రైవర్ ఎక్కనంటే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ అడ్డుకుంటోందేమో చూడండి. దాన్ని ఆపడం కంటే తయారీదారు దగ్గర కొత్త డ్రైవర్ వెతకడం మంచిది.

అన్నీ పనిచేస్తున్నాయని తేలాక ఆ డ్రైవర్ల ఫోల్డర్‌ని ఈ ల్యాప్‌టాప్‌లోనే కాకుండా వేరే చోట దాచండి. బయోస్ అప్‌డేట్‌కి తొందరేం లేదు. చేస్తే ఛార్జర్ తగిలించి, ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి చేయండి. ఎప్పుడైనా వీఎండీని మార్చక తప్పని పరిస్థితి వస్తే విండోస్ బూట్ సెట్టింగ్స్ ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసేయండి. ఆ ఒక్క బూట్‌లో విండోస్ కొత్త కంట్రోలర్‌కి కావలసిన డ్రైవర్‌ని పట్టుకుంటుంది. ఆ తర్వాత మామూలుగా లేస్తుంది.